పొగరా, నొప్పా: కుక్కల పెంపకంపై ఒక సంవాదం

కుక్క నొప్పిని దాచుకుంటుంది. దెబ్బ తగిలిన క్షణంలో కుయ్యోమంటుంది గానీ, నెలల తరబడి సలిపే చెవిపోటునూ పంటిపోటునూ కీళ్లనొప్పినీ అరుపుగా బయటపెట్టదు. రోజూ ఎక్కే అరుగు ఎక్కడం మానేస్తుంది. గిన్నె దగ్గర కాసేపు నిలబడి వెనక్కి తిరుగుతుంది. ఎవరైనా చెయ్యి వేయబోతే గుర్రుమంటుంది. మొదటి రెండూ ఇంట్లోవాళ్ల కంట పడవు. మూడోదానికి పొగరని పేరు పెడతారు. కుక్కల గురించి పెంపకందారులు అడిగేవాటిలో చాలా ప్రశ్నలు నడవడికి సంబంధించినవిగానే కనిపిస్తాయి. వాటికి జవాబు మాత్రం తరచూ కుక్క ఒంట్లో దొరుకుతుంది.

ఈ విషయంలో తెలుగునాట రెండు పక్షాలున్నాయి. ఒకటి తాతల నాటి నుంచీ కుక్కలను పెంచి, చూసి నేర్చుకున్నవారి పక్షం. రెండోది పశువైద్యశాల పక్షం. కింది సంవాదంలో మొదటి పక్షాన మాట్లాడేది కొల్లేరు ఒడ్డున చేపల చెరువులున్న పెద్దరైతు. రెండో పక్షాన మాట్లాడేది అదే ప్రాంతపు పశువైద్యురాలు. రైతు వెంట వచ్చిన ఆరేళ్ల కుక్క పేరు టైగర్. అది జోనంగి జాతి. పొట్టి నున్నని వెంట్రుకలు, ముడతలు పడ్డ నుదురు. చేపల చెరువులు రాకముందు కొల్లేటి లంకల్లో బాతుల మందలను తోలిన కుక్కలివే.

రైతు: డాక్టరమ్మా, దీనికి జబ్బేమీ లేదు, పొగరెక్కింది. మొన్న మా మనవడు మెడ చుట్టూ చెయ్యేస్తే పళ్లు చూపించింది. ఆరేళ్లలో ఇంట్లోవాళ్ల మీద ఏనాడూ గుర్రుమనలేదు. నాలుగు తగిలించి గొలుసేశాను. నెమ్మదించడానికి మందేమైనా ఉంటే ఇవ్వండి.

డాక్టరు: ఆరేళ్లుగా లేనిది మొన్న వచ్చిందంటున్నారు. నాకు ఆ ఒక్కమాటే ముఖ్యం బాబాయిగారూ. తల విదిలించడం ఎప్పటినుంచి ఉంది?

రైతు: అదా, వానలు మొదలైనప్పటినుంచీ ఉంది. కుక్కన్నాక తల విదిలించదా అమ్మా?

చెవి డొప్పను వెనక్కి మడిచి చూస్తే లోపల చర్మం ఎర్రగా కమిలి ఉంది. దాని మీద బెల్లంపాకం రంగు జిగురు, పులిసిన పిండి వాసన. చెవి మొదట్లో బొటనవేలితో మెల్లగా నొక్కగానే కుక్క తల అటు వాల్చి మూలిగింది, వెనకకాలు గాల్లో ఆడింది. కుక్క చెవి గొట్టం మనిషి చెవిలా తిన్నగా ఉండదు. ముందు కిందికి దిగి, ఆ తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది. రోజూ చెరువులో ఈదే కుక్కకు ఆ మలుపులో తడి నిలిచిపోతుంది. తడి నిలిచినచోట బూజు, సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మనవడి చెయ్యి సరిగ్గా ఆ చెవి మీదే పడింది.

డాక్టరు: ఇది రెండు మూడు నెలల బాధ. చెవి శుభ్రం చేసి చుక్కలమందు రాస్తాను. కాచిన నూనెలు, పసర్లు మాత్రం పోయకండి. లోపల కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అవి చెవి లోతుల్లోకి దిగి శాశ్వతంగా చెడగొడతాయి. ఈదిన ప్రతిసారీ పొడిగుడ్డతో చెవులు తుడవండి.

రైతు: చెవి సంగతి నాకు తెలియలేదు, ఒప్పుకుంటాను. అయినా అమ్మా, అన్నం పెట్టే ఇంటి పిల్లాడి మీద గుర్రుమంటే ఊరుకుంటామా? ఇవాళ గుర్రుమన్నది రేపు కరుస్తుంది.

డాక్టరు: గుర్రుమంది కాబట్టే కరవలేదు. వద్దు అని చెప్పడానికి కుక్క ముందు చాలా చేస్తుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. ఏమీ తినకుండానే మూతి నాక్కుంటుంది. కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఒళ్లు బిగదీస్తుంది. ఇవేవీ ఎదుటివాళ్లకు అర్థం కాకపోతే గుర్రుమంటుంది. దాన్ని కొట్టి మాన్పించారనుకోండి, నొప్పి పోదు, హెచ్చరిక ఒక్కటే పోతుంది. ఈసారి పిల్లాడు చెయ్యేస్తే తిన్నగా పళ్లే దిగుతాయి. ఉన్నట్టుండి కరిచిందని మా దగ్గరకు తెచ్చే కుక్కల్లో చాలావాటికి ఇలాంటి కథే ఉంటుంది.

తోక ఊపితే సంతోషమే అన్న నమ్మకం కూడా ఇలాగే పిల్లల్ని ప్రమాదంలో పడేస్తుంది. నడుముతో సహా ఒళ్లంతా ఊగితే స్నేహం. తోక నిటారుగా లేచి బిగుసుకుని చిన్నచిన్నగా ఊగితే ఆ కుక్క ఉద్రేకంలో ఉందని. ఇటలీలోని బారి విశ్వవిద్యాలయంవారు 2007లో మరో సంగతి ప్రకటించారు. యజమానిని చూసినప్పుడు కుక్క తోక కుడివైపుకు ఎక్కువగానూ, బెరుకు పుట్టించే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగానూ ఊగుతుంది. మామూలు కంటికి ఈ తేడా అందడం కష్టం. ఒళ్లు బిగిసిందా, వదులుగా ఉందా అన్నది మాత్రం ఏడేళ్ల పిల్లవాడికి కూడా నేర్పవచ్చు.

రైతు: మనిషే యజమాని అని కుక్కకు కనబడాలి, లేకపోతే అదే యజమాని అయి కూర్చుంటుందని మా నాన్న అనేవాడు. ఇప్పుడు మావాడు ఫోన్లో అదే చూపిస్తున్నాడు. తోడేళ్ల మందకు కొట్లాడి గెలిచిన పెద్ద ఒకటి ఉంటుందట. మనం ఆ పెద్దలాగా కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపట్టాలట.

డాక్టరు: ఆ మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసిన పరిశీలన. ఆయన చూసింది ఆవరణలో బంధించిన తోడేళ్లను. పారిపోయే దారి లేకపోతే ఏ ప్రాణులైనా కొట్లాడుకుంటాయి. డేవిడ్ మెక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లో తన పుస్తకం ద్వారా ఆ భావాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేశారు. అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించాక 1999లో ఆయనే దాన్ని సరిదిద్దారు. అడవిలో మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ. పెద్దరికం కొట్లాడి గెలిచింది కాదు, కన్నందుకు వచ్చింది. వెల్లకిలా పడేసి అదిమితే కుక్కకు తెలిసేది మీ చేతులంటే భయపడాలని, అంతే.

రైతు: మరి తప్పు చేసినప్పుడు దానికి తెలుస్తుంది కదా? చెప్పు కొరికేస్తుంది. నేను గుమ్మంలోకి రాగానే తల దించుకుని, తోక ముడిచి, మూలకు పోతుంది. తప్పు తెలియకపోతే ఆ సిగ్గెందుకు?

ఈ ప్రశ్నకు ప్రయోగంతోనే జవాబు దొరికింది. న్యూయార్కులో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రకటించిన పరిశోధనలో, వద్దన్న తినుబండారాన్ని కుక్క తిన్నదో లేదో యజమానులకు కొన్నిసార్లు నిజం చెప్పారు, కొన్నిసార్లు తప్పుగా చెప్పారు. తప్పు చేసినా చేయకపోయినా, తిట్లు పడ్డ కుక్కే ఎక్కువగా తల దించుకుంది. మనకు సిగ్గులా కనిపించేది ఎదుటిమనిషి గొంతునూ మొహాన్నీ చూసి వచ్చిన బెదురు. గంట కిందట కొరికిన చెప్పుకూ, ఇప్పుడు పడుతున్న దెబ్బకూ కుక్క లంకె వేసుకోలేదు. కావలసిన పని చేసిన ఆ క్షణంలోనే మెప్పో ముక్కో అందితే అది నేర్చుకుంటుంది. పళ్లు వస్తున్న కూనకు చెప్పు అందకుండా పెట్టి, కొరుక్కోవడానికి గట్టి తాడుముక్క ఇవ్వడం దెబ్బ కంటే తొందరగా పనిచేస్తుంది.

గొలుసు సంగతి దీని వెంటే వస్తుంది. పగలంతా కట్టేసిన కుక్క కాపలాకు పదును పెట్టిన కుక్క కాదు. దారిన పోయే ప్రతిదానికీ మొరిగి మొరిగి, నిజంగా దొంగ వచ్చినప్పటి అరుపుకూ మామూలు అరుపుకూ తేడా లేకుండా చేసుకుంటుంది. గట్ల మీద పగలు స్వేచ్ఛగా తిరిగి, మనుషులనూ మేత లారీలనూ గుర్తుపట్టిన కుక్కే రాత్రి కొత్త అలికిడిని కనిపెడుతుంది. ఈ మాట రైతు ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నాడు. ఇది ఆయన తాతల నాటి పద్ధతే. గొలుసు మధ్యలో వచ్చింది.

తిండి దగ్గర రైతు పక్షానికి బలం ఎక్కువ.

రైతు: మావాడు హైదరాబాదులో లాబ్రడార్‌ను పెంచుతున్నాడు. పెరుగన్నం పెట్టబోతే, కుక్కకు అన్నం విషం, సంచిలో గింజలే పెట్టాలి అంటాడు. తరాలుగా మా కుక్కలు గంజీ అన్నమూ చేపల తలకాయలూ తిని పదిహేనేళ్లు బతికాయి. వాడి కుక్క మూడేళ్లకే మెట్లెక్కలేక రొప్పుతోంది.

డాక్టరు: అన్నం విషం కాదు. తోడేలుకు పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు మామూలుగా 2 ప్రతులే ఉంటే, కుక్కకు 4 నుంచి 30 దాకా ఉంటాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. మనిషి పంట పండించి తిన్నదాంట్లో పాలు పంచుకుంటూ మారిన జంతువది. మీ కుక్కలను బతికించింది అన్నంతోపాటు చేపల తలలు కూడా. వాటిలో మాంసకృత్తులున్నాయి, కొవ్వు ఉంది, సున్నం ఉంది. వట్టి పెరుగన్నంతో పెరిగిన కూనకు ఎముకలు గట్టిపడవు, ముందుకాళ్లు వంకర పోతాయి. ఇక మీరు పదిహేనేళ్లు బతికినవాటినే గుర్తుపెట్టుకున్నారు. ఏడాది నిండకుండా పోయినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

రైతు: అది నిజమే. ఒక ఈతలో ఆరు పుడితే రెండు మిగిలేవి.

లాబ్రడార్ రొప్పడానికి సంచిలోని గింజలు కారణం కాదు, కొలత కారణం. లాబ్రడార్లలో సుమారు నాలుగోవంతు కుక్కలకు ఆకలి తీరిందన్న సంకేతాన్ని అందించే ఒక జన్యువులో కొంత భాగం లోపించిందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుగొన్నారు. అలాంటి కుక్క ఎంత తిన్నా అడుగుతూనే ఉంటుంది. అడిగినప్పుడల్లా బిస్కెట్ వేసే చేతికి అది ప్రేమలాగే కనిపిస్తుంది. 2002లో వెలువడిన మరో అధ్యయనంలో 48 లాబ్రడార్లను జతలుగా కూన వయసునుంచీ పోయేదాకా గమనించారు. జతలో రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. కుక్క సరైన బరువులో ఉందో లేదో తెలుసుకోవడానికి కాటా అక్కర్లేదు. అరచేతిని పక్కటెముకల మీద తేలిగ్గా రాస్తే ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగలాలి, కంటికి మాత్రం పొడుచుకు రాకూడదు. టైగర్ అలాగే ఉంది.

వంటింట్లో ప్రమాదాలు వేరే ఉన్నాయి. ఇందులో పాత అలవాటూ కొత్త అలవాటూ రెండూ తప్పుతున్నాయి. మాంసం కూరలో మిగిలిన గుజ్జు కుక్కకు వేయడం పాత అలవాటు. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడతాయి. కుక్క బరువులో కిలోకు 15 గ్రాముల ఉల్లి చాలు, ఆ దెబ్బ కనబడడానికి. ఉడికిన కోడి ఎముక చీలి సూదుల్లా విరుగుతుంది. కొత్త అలవాట్లలో చాక్లెట్ ఉంది, పరమాన్నంలోనూ పులావులోనూ వేసే కిస్మిస్ ఉంది, పంచదార లేని చూయింగ్‌గమ్ ఉంది. కిస్మిస్, ద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆ చూయింగ్‌గమ్‌లో వాడే జైలిటాల్ అనే తీపి గంటలోపే కుక్క నెత్తుటిలో చక్కెరను పడగొట్టగలదు. వీటన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు మనుషుల నొప్పి మాత్రలు వేయడం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు చేసి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. కుంటుతోంది కదా అని జాలిపడి వేసిన మాత్ర కుక్కను నెత్తురు కక్కించిన సందర్భాలు ప్రతి పశువైద్యుడికీ తెలుసు.

రైతు: మందులంటే గుర్తొచ్చింది. గోమార్లకు కిరసనాయిలు రాసేవాళ్లం, గజ్జికి కాలిన ఇంజనాయిలు పూసేవాళ్లం. తగ్గేది.

డాక్టరు: పురుగు చచ్చేది. నూనె చర్మంలోంచి ఒంట్లోకి దిగేది, మిగిలింది కుక్క నాకేది. వారం తర్వాత అన్నం మానేసి పడుకుంటే వేరే జబ్బనుకునేవాళ్లు. అదీగాక గజ్జి ఒక్కటి కాదు. చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే గానీ ఏ పురుగో తెలియదు. ఇప్పుడు నెలకో మూడు నెలలకో ఒక్కసారి ఇచ్చే మాత్రలు వచ్చాయి, గోమారికీ గజ్జిపురుగుకూ పనిచేసేవి. పశువులకు కొట్టే మందును అదే కొలతలో కుక్కకు వాడకండి, పిల్లులున్న ఇంట్లో అసలు వాడకండి.

టైగర్ ముందుకాలి వేళ్ల సందు విడదీసి చూస్తే సెనగగింజంత బూడిదరంగు గోమారి ఒకటి, దాని పక్కనే నువ్వుగింజంత చిన్నవి మూడు ఉన్నాయి. కుక్క మీద కనిపించేవి కొన్నే. నెత్తురు తాగి నిండిన ఆడది కిందికి దిగి, గోడ పగుళ్లలోనూ గుమ్మాల సందుల్లోనూ వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మాత్రమే మందు వేసి, అది పడుకునే చోటును వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. నెత్తురు తాగడం కంటే అవి మోసుకొచ్చే ఎర్లీకియా అనే సూక్ష్మక్రిమి పెద్ద ప్రమాదం. అది తెచ్చే జబ్బును అందరూ గోమారి జ్వరం అంటారు. కుక్క డీలా పడుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, కొన్నిసార్లు ముక్కునుంచి నెత్తురు కారుతుంది. జ్వరాన్ని ముక్కు తడిని బట్టి తేల్చే అలవాటు నమ్మదగింది కాదు, ఆరోగ్యంగా ఉన్న కుక్క ముక్కు కూడా నిద్ర లేచాక పొడిగా ఉంటుంది. కుక్క ఒంటి వేడి సహజంగానే మనిషికంటే ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. కాబట్టి చేతికి వెచ్చగా తగలడమూ గుర్తు కాదు. పెదవి పైకెత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీరంగుకు రావాలి. రాకపోయినా, చిగురు మొదటే తెల్లగా ఉన్నా ఆ రోజే చూపించాలి. గోమారి జ్వరానికి ఇచ్చే మందు నాలుగు వారాలు వాడాలి. అయిదో రోజుకే కుక్క లేచి తింటుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. క్రిమి ఎముక మజ్జలో దాగి నెలల తర్వాత బయటపడితే అప్పుడు అదే మందు సరిగా పనిచేయదు.

టీకాల దగ్గరే రెండు పక్షాల మధ్య దూరం ఎక్కువ.

రైతు: కూనకు మూడు నాలుగు సార్లు టీకా వేయాలన్నారు. డబ్బు గుంజడానికని అనుమానం వచ్చిందమ్మా, చెబుతున్నాను.

డాక్టరు: అడిగితే మంచిదే బాబాయిగారూ. తల్లి ముర్రుపాలతో పిల్లకు కొంత రక్షణ వస్తుంది. అది ఉన్నంతకాలం టీకా పట్టదు. ఏ పిల్లకు ఎన్ని వారాలకు ఆ రక్షణ పోతుందో చెప్పలేం. ఒకదానికి ఎనిమిది వారాలు, ఇంకోదానికి పద్నాలుగు. అందుకే ఆరు ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తాం. ఒక ఈతలో ఆరు పుడితే రెండే మిగిలేవన్నారే, పోయిన నాలుగూ ఎలా పోయాయి?

రైతు: వాంతులు, నెత్తురు విరేచనాలు. రెండు మూడు రోజుల్లో పోయేవి. దిష్టి అనుకునేవాళ్లం.

ఆ లక్షణాలు పార్వో వైరస్‌వి. 1978లో ప్రపంచమంతటా ఒక్కసారిగా బయటపడిన జబ్బిది. పేగుల లోపలి పొరను ఊడగొడుతుంది. చచ్చిన కూన పడుకున్న మట్టిలో ఆ వైరస్ నెలల తరబడి ఉంటుంది. ఫినాయిలుతో కడిగినా నమ్మకం లేదు, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి కడగాలి. వరస ఈతల్లో ఒకే చావిట్లో పిల్లలు పోవడానికి దిష్టి కాదు, ఆ నేల కారణం. ఇక్కడ పెంపకందారుకు ఒక చిక్కు నిజంగా ఉంది. కూన మనుషులకూ శబ్దాలకూ వాహనాలకూ అలవాటుపడే వయసు మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల దాకానే. టీకాలు పూర్తయ్యేది పదహారో వారానికి. టీకాలయ్యేదాకా గదిలో మూసిపెడితే పార్వో నుంచి తప్పించుకుని, జీవితమంతా బెదిరే కుక్కగా మిగలవచ్చు. నేల మీద దించకుండా ఎత్తుకుని బజారు చూపించడం, టీకాలైన కుక్కలున్న ఇళ్లకే తీసుకెళ్లడం దీనికి మార్గం.

రైతు: సరే, కూనలకు ఒప్పుకున్నాను. రేబిస్ సూది ఏటా ఎందుకు? టైగర్ గట్టు దాటి ఎక్కడికీ పోదు. పిచ్చికుక్క నీళ్లు చూస్తే పారిపోతుంది కదా, మేం కనిపెట్టలేమా?

డాక్టరు: టైగర్ గట్టు దాటకపోయినా నక్క గట్టు మీదికి వస్తుంది, ముంగిస వస్తుంది. ఇక నీళ్లంటే భయపడేది జబ్బు సోకిన మనిషి. కుక్కకు ఆ లక్షణం ఉండదు, మింగలేకపోయినా నీళ్ల దగ్గరకు వెళుతుంది. కనపడ్డదాన్నల్లా కరుస్తూ పరుగెత్తే కుక్కను అందరూ గుర్తుపడతారు. రెండో రకం ఉంది. అది చీకట్లో మూలన పడుకుంటుంది. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, గొంతు మారుతుంది. ఎముక ఇరుక్కుందేమోనని ఇంట్లోవాళ్లే నోట్లో చెయ్యి పెడతారు. మీరు పెట్టలేదు కదా ఎప్పుడూ?

రైతు: ... పెట్టాను. ఒకసారి. అది నిజంగా ఎముకే.

రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో చనిపోతున్నారని అంచనా. వారిలో 36 శాతం మంది భారతదేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులకు సోకే కేసుల్లో 99 శాతం కుక్కల ద్వారానే వస్తున్నాయి. ఇంత ఘోరమైన జబ్బుకు 1885లో పాశ్చర్ తొలి టీకా ఇచ్చినప్పటినుంచీ నివారణ చేతిలో ఉంది. మనుషులు సూదికి వెనకాడడానికి ఒక పాత భయం కూడా కారణం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న మాట తెలుగిళ్లలో ఇంకా వినబడుతుంది. గొర్రె మెదడునుంచి చేసిన ఆ పాత టీకాను దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటివి చేతికి వేసే నాలుగైదు సూదులే, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా మొదట చేయవలసింది పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగడం. ఆ పావుగంటలో వైరస్ చాలావరకు పోతుంది. కారం, సున్నం, పసరు, కాఫీపొడి వేయకూడదు, కట్టు కట్టకూడదు. ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. గాయం లోతుగా ఉంటే గాయంలోనే వేసే మరో మందు, ఇమ్యునోగ్లోబ్యులిన్, కూడా కావాలి. కరిచిన కుక్కను చంపకూడదు, పది రోజులు గమనించాలి. పది రోజుల తర్వాత అది ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని చొంగలో వైరస్ లేదని తేలినట్టు. అలాగని ఆ పది రోజులూ టీకా వేయించుకోకుండా ఎదురుచూడకూడదు. కుక్కకు మూడు నెలల వయసులో తొలి సూది, తర్వాత ఒక బూస్టర్, ఆపైన ఏటా ఒకటి. టైగర్‌కు ఆ రోజే వేశారు.

ఎండ విషయంలో వాదన జరగలేదు. రోహిణికార్తెలో టైగర్ తడిమన్ను తవ్వుకుని గుంటలో పడుకుంటుంది, మధ్యాహ్నం కదలదు. కుక్కకు చెమట పాదాల అడుగున తప్ప పట్టదు, ఒగర్చడమే దానికి చల్లబడే దారి. 2003లో హచ్ ఫోన్ కంపెనీ టీవీ ప్రకటనతో ఇంటింటికీ తెలిసి, హచ్ కుక్కగానే పేరుపడ్డ పగ్‌కు ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ దారి సగం మూసుకుపోయి ఉంటుంది. మంచుదేశపు హస్కీని ఏసీ గదికే పరిమితం చేసి పెంచడం దానికి శిక్షే. ఈ నేల మీద కుక్క కావాలనుకునేవారికి ఇక్కడి జాతులో వీధికూనో తగినవన్న రైతు మాట పూర్తిగా సరైనది. వడదెబ్బ తగిలి నాలుక ఎర్రబడి, తూలుతుంటే ముందు ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగిలేలా చూసి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి.

సంచిలో మందులు సర్దుకుంటూ రైతు ఇంకో సంగతి అడిగాడు. ఇంటి దగ్గర పదకొండేళ్ల రాణి ఉంది.

రైతు: ముసల్దానికి చాదస్తం పట్టిందమ్మా. రాత్రిళ్లు పడుకోదు, తిరుగుతుంది. తొట్టి దగ్గరే కాపురం, నీళ్లు తాగడమూ వాకిట్లో పోయడమూ. రెండు రోజులనుంచి అన్నం కూడా వాసన చూసి వదిలేస్తోంది.

డాక్టరు: ముసలితనంలో కుక్కకు మతిమరుపు వచ్చేమాట నిజమే. గోడ వైపు తిరిగి నిలబడతాయి, పగలూ రాత్రీ తారుమారవుతాయి. అయితే అది నీళ్లు తాగించదు. అంత దాహానికి షుగరు కావచ్చు, మూత్రపిండాలు కావచ్చు. రాణికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా?

రైతు: లేదు. ఆడకుక్కకు అది అన్యాయం అనుకున్నాం. నాలుగు ఈతలు ఈనింది.

డాక్టరు: చివరిసారి ఎదకు ఎప్పుడొచ్చింది?

రైతు: వినాయకచవితి ముందు. నెలా పదిహేను రోజులైంది. మగకుక్కలు గేటు దగ్గర చేరితే నేనే తోలాను.

ఆపరేషన్ చేయని ఆడకుక్కకు వయసు మళ్లాక, ఎద ముగిసిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. దీన్ని పయోమెట్రా అంటారు. చీములోని విషాలు మూత్రపిండాలను దెబ్బతీయడంతో దాహం, మూత్రం పెరుగుతాయి. తర్వాత తిండి మానేస్తుంది, వాంతులు మొదలవుతాయి. కొన్నింటికి కిందనుంచి చీము కారుతుంది కాబట్టి తెలుస్తుంది. గర్భసంచి ముఖం మూసుకున్నవాటికి బయటికేమీ కనబడదు, అవే ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. గర్భసంచి తీసేయడమే దీనికి నమ్మదగిన చికిత్స. ఆ శస్త్రచికిత్సకు గంటలు లెక్క.

డాక్టరు: పొట్ట కాస్త ఉబ్బిందా?

రైతు: ఉబ్బింది. తిండి లేకపోయినా ఎందుకుబ్బిందా అనుకున్నాను.

డాక్టరు: అయితే రేపటిదాకా ఆగొద్దు బాబాయిగారూ. ఆటో మాట్లాడుకుని ఇప్పుడే తీసుకురండి. దారిలో ఏమీ తినిపించకండి. పొట్ట కింద చెయ్యిపెట్టి నొక్కి ఎత్తకుండా, దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు పట్టుకుని తెండి. నేను స్కానింగుకు సిద్ధం చేసి ఉంచుతాను.